జూన్ చూడని ఉపాధ్యాయులు

ప్రతి సంవత్సరం డిసెంబరు మొదటి వారంలో, అర్ధసంవత్సర పరీక్షలకు కాస్త ముందు, స్టాఫ్ రూములో నా బల్ల మీద రికార్డు పుస్తకాల దొంతర ఒకటి చేరుతుంది. పాఠ్యపథకాల రికార్డు, పరిశీలన రికార్డు, మూల్యాంకన రికార్డు, ఎవరో ఒక విద్యార్థిని గురించి రాసిన వ్యక్తి అధ్యయనం. అన్నింటికీ గోధుమరంగు అట్టలు, లేబుళ్లు, ఎర్రసిరాతో కొట్టిన మార్జిన్లు ఉంటాయి. పదహారు వారాల ఇంటర్న్‌షిప్ ముగించుకొని వెళ్లిపోతున్న బీఎడ్ ఛాత్రోపాధ్యాయులకు, అంటే బడిలో బోధన నేర్చుకునే బీఎడ్ విద్యార్థులకు, గైడ్ టీచరుగా నేను ప్రతి పుటలోనూ సంతకం చేయాలి. చెన్నైలోని తండయార్‌పేటలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలకు పంతొమ్మిదేళ్లుగా గణితం చెబుతున్నాను. అందులో గత తొమ్మిదేళ్లుగా ఈ సంతకాలు కూడా చేస్తున్నాను. సంతకం చేస్తున్నప్పుడల్లా నన్ను బాధించే విషయం ఒక్కటే. ఈ ఛాత్రోపాధ్యాయులు ఆగస్టులో వచ్చారు, డిసెంబరులో వెళ్లిపోతున్నారు; వీళ్లు జూన్ నెలను చూడలేదు, ఏప్రిల్‌ను చూడబోరు.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు బోధించబోయేవారు ఒక విద్యాసంవత్సరం మొత్తం, బడి తెరిచిన రోజు నుంచి మూసే రోజు వరకు, అనుభవమున్న ఒక ఉపాధ్యాయుని పక్కన, ఒకే తరగతితో గడపాలని నా అభిప్రాయం. ఇది ఆదర్శం కోసం చెబుతున్న మాట కాదు. ఈ వయసు పిల్లల చదువు స్వభావమే అలాంటిదని, దాన్ని ముక్కలుగా చూసినవారికి అది అర్థం కాదని నా అనుభవంలో తేలింది కాబట్టి చెబుతున్నాను.

ముందుగా లెక్క చూద్దాం. 2009 నాటి విద్యాహక్కు చట్టం తన షెడ్యూలులో ఒకటి నుంచి ఐదు తరగతులకు సంవత్సరానికి 200 పనిదినాలు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 220 పనిదినాలు నిర్దేశించింది. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014లో తెచ్చిన నిబంధనల ప్రకారం బీఎడ్ రెండేళ్ల కోర్సు అయింది. అందులో బడితో సంబంధమున్న కాలం ఇరవై వారాలు, మొదటి సంవత్సరం నాలుగు, రెండో సంవత్సరం పదహారు. వారానికి ఐదు రోజుల చొప్పున పదహారు వారాలంటే ఎనభై రోజులు. మా చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. ఉత్తర చెన్నై వీధుల్లో మోకాటి లోతు నీళ్లు నిలిచిన ప్రతిసారీ బడికి సెలవు ప్రకటిస్తారు. త్రైమాసిక పరీక్షలు, దసరా, దీపావళి కూడా ఆ కాలంలోనే వస్తాయి. ఇవన్నీ పోగా ఛాత్రోపాధ్యాయులు నిజంగా తరగతిలో నిలబడి పాఠం చెప్పే రోజులు ఎన్నో ఊహించుకోవచ్చు. అయినా నేను రోజుల సంఖ్య గురించి వాదించడం లేదు. ఆ రోజులు సంవత్సరంలో ఏ భాగంలో పడుతున్నాయన్నదే నా వాదన.

2006లో నేను ఉద్యోగంలో చేరినప్పుడు బీఎడ్ ఒక్క సంవత్సరమే. మా బోధనాభ్యాసం నలభై పాఠాలు. ఒక్కో పాఠానికి నాలుగు పుటల పాఠ్యపథకం, చార్టు, పరిశీలకుడు వచ్చిన రోజున ప్రత్యేకంగా ఒక నమూనా. దానికి ముందు కళాశాలలో సూక్ష్మ బోధన జరిగేది. తోటి ఛాత్రోపాధ్యాయుల్లో ఐదారుగురిని పిల్లలుగా కూర్చోబెట్టి, ఆరు నిమిషాల పాటు ప్రశ్నించే నైపుణ్యమో, ఉదాహరణలిచ్చే నైపుణ్యమో ఒకదాన్ని అభ్యసించేవాళ్లం. ఆ పద్ధతి 1960లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో పుట్టింది. అక్కడ అది వేరే కసరత్తులతో కలిసి ఒక భాగంగా ఉండేది. మా దగ్గర మాత్రం ఆరు నిమిషాల పాఠాన్ని చక్కగా ముగించడమే బోధన అని మనసులో ముద్ర పడిపోయింది.

ఆ ముద్రతోనే ఒక ప్రైవేటు పాఠశాలలో ఏడో తరగతికి సమీకరణాలు చెప్పాను. ఒక పదాన్ని ఎడమ వైపు నుంచి కుడి వైపుకు మార్చితే గుర్తు మారుతుందని, కూడిక తీసివేత అవుతుందని, గుణకారం భాగహారం అవుతుందని బోర్డు మీద రాసి, పక్షాంతరం చేయడం నేర్పాను. పిల్లలు చక్కగా చేశారు. పరీక్షలో తరగతి సగటు ఎనభై దాటింది. ప్రిన్సిపల్ గారు మెచ్చుకున్నారు. ఆ మరుసటి సంవత్సరం అదే పిల్లలు ఎనిమిదిలోకి వెళ్లాక, వాళ్లకు చెబుతున్న సీనియర్ ఉపాధ్యాయిని ఒకరు మధ్యాహ్న భోజన సమయంలో నా దగ్గరకు వచ్చి, ఎంతో మృదువుగా ఒక మాట అడిగారు. “ఏమ్మా, సమానం గుర్తుకు అర్థమేమిటని నీ పిల్లల్ని ఎప్పుడైనా అడిగావా?” నేను అడగలేదు. ఆమె అడిగితే, “సమానం అంటే జవాబు రాయమని” అన్నారట ఎక్కువమంది. ఎనిమిదికి నాలుగు కలిపితే ఎంతకు ఐదు కలిపినట్లు అన్న ప్రశ్న ఇస్తే, ఖాళీలో పన్నెండు రాశారట. త్రాసులో రెండు తట్టలూ ఒకే బరువుతో ఉన్నాయన్న భావన వాళ్ల మనసులో లేదు. ఆ భావన లేని చోట పక్షాంతరం ఒక మంత్రం మాత్రమే. నేను నేర్పింది మంత్రం.

నేను చేసిన తప్పు నాకు తెలియడానికి ఏడాది పట్టింది. అది కూడా ఆ పెద్దామె దయ వల్ల తెలిసింది. ఆమె చెప్పకపోతే అదే పాఠాన్ని అదే విధంగా ఇరవయ్యేళ్లు చెప్పి, ప్రతి సంవత్సరం మెప్పు పొందుతూ ఉండేదాన్ని. మధ్యస్థ తరగతుల బోధనలో ఇది ప్రధానమైన చిక్కు అని నా నమ్మకం. ఒకటో తరగతిలో అక్షరం రాకపోతే వారంలో తెలిసిపోతుంది. పదో తరగతిలో పబ్లిక్ పరీక్ష ఉంది, తల్లిదండ్రుల కళ్లన్నీ అక్కడే ఉంటాయి. ఆరు, ఏడు, ఎనిమిదిలో మనం చేసే పొరపాట్లు వెంటనే బయటపడవు. భిన్నాలు, రుణసంఖ్యలు, అక్షరాలతో లెక్కలు, అన్నీ ఈ మూడేళ్లలోనే మొదలవుతాయి. జూలైలో సరిగా పడని పునాది జనవరిలో వేరే అధ్యాయంలో, వేరే వేషంలో బీటలు చూపుతుంది. ఆగస్టులో వచ్చి డిసెంబరులో వెళ్లే ఛాత్రోపాధ్యాయునికి అటు కారణమూ కనబడదు, ఇటు ఫలితమూ కనబడదు. ఆయన చూసేది మధ్యలో ఉన్న మార్కులు మాత్రమే.

మూడేళ్ల కిందట నాకు ఒక అవకాశం దొరికింది. సూళ్లూరుపేట దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయి, రెండో సంవత్సరం బీఎడ్ చదువుతూ, తన ఇంటర్న్‌షిప్ ఆగస్టులో మొదలవుతుందని తెలిసీ, జూన్‌లో బడి తెరిచిన రోజు నుంచే వచ్చి కూర్చుంటానని అడిగింది. కళాశాల తరగతులు లేని రోజుల్లో వచ్చేది. డిసెంబరు తరువాత కూడా, పరీక్షలకు చదువుకుంటూనే, వారానికి మూడు రోజులు ఏప్రిల్ దాకా వచ్చింది. సూళ్లూరుపేట లోకల్‌లో తెల్లవారుజామునే ఎక్కి, గుమ్మిడిపూండి, పొన్నేరి, మీంజూరు, ఎన్నూరు దాటుకొని దాదాపు రెండు గంటలు ప్రయాణం చేసి తండయార్‌పేటలో దిగేది. మా హెడ్‌మిస్ట్రెస్ గారు అనుమతించారు. జీతం లేదు, భత్యం లేదు. సీజన్ టికెట్ డబ్బులు వాళ్ల నాన్నగారు ఇచ్చేవారు. ఈ సంగతి దగ్గరకు మళ్లీ వస్తాను.

జూన్ మొదటి రెండు వారాలూ ఆ అమ్మాయి పాఠం చెప్పలేదు. ఏడో తరగతి బి సెక్షన్‌లో నలభై ఒక్కమంది పేర్లు, ఇళ్లల్లో మాట్లాడే భాష, ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారు, ఎవరు నోటుపుస్తకం తేరు అన్న విషయాలు తెలుసుకుంది. మా బడిలో ఇది చిన్న పని కాదు. తెలుగు ఇళ్ల పిల్లలు, తమిళ ఇళ్ల పిల్లలు, కొద్దిమంది హిందీ మాట్లాడే కార్మికుల పిల్లలు, అందరూ ఇంగ్లీషు మీడియంలో గణితం నేర్చుకుంటున్నారు. తెలుగు పిల్లల్లో చాలామందికి హారం, లవం అన్న మాటలు తెలియవు, తెలుగు చదవడం కూడా రాదు. 2006 చట్టంతో బడుల్లో తమిళం దశలవారీగా తప్పనిసరి అయింది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పుస్తకంలో ఇంగ్లీషు. కాబట్టి ఒక పిల్లవాడు జవాబు చెప్పకపోతే అది గణితం రాకనా, మాట రాకనా అన్నది తేల్చుకోవడానికే వారాలు పడుతుంది. ఆగస్టులో వచ్చేవారికి ఆ వారాలు ఉండవు. మొదటి రోజే పాఠ్యపథకం ప్రకారం ప్రేరణ ప్రశ్న అడగాలి.

జూలైలో భిన్నాల పునశ్చరణ జరుగుతున్నప్పుడు ఒక పాప సగానికి మూడోవంతు కలిపి ఐదింట రెండు వంతులు అని రాసింది. పైవి పైవి, కిందివి కిందివి కలిపింది. ఇది ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు చేసే తప్పే. ఆ అమ్మాయి పాపను పక్కన కూర్చోబెట్టుకొని, కాగితం మడిచి, సగం కన్నా ఐదింట రెండు తక్కువ కదా, సగానికి ఇంకొంత కలిపితే తగ్గుతుందా అని అడిగి, క.సా.గు. దాకా తీసుకొచ్చింది. పాప సరిచేసుకుంది. తరువాతి పరీక్షలో ఆ లెక్కకు పూర్తి మార్కులు వచ్చాయి. మామూలుగా అయితే కథ అక్కడితో ముగిసేది. వ్యక్తి అధ్యయనం రికార్డులో ‘నివారణ బోధన ఫలించింది’ అని ఒక వాక్యం, దాని కింద నా సంతకం ఉండేవి.

జనవరిలో, పొంగల్ సెలవుల తరువాత, బీజగణితం చేస్తున్నప్పుడు అదే పాప ఎక్స్ బై రెండుకు ఎక్స్ బై మూడు కలిపి రెండు ఎక్స్ బై ఐదు అని రాసింది. ఆ అమ్మాయి జూలై నాటి నోటుపుస్తకం అడిగి తెచ్చుకొని, రెండు పుటలూ పక్కపక్కన పెట్టి, “చూడమ్మా, ఏం కనబడుతోంది?” అని మాత్రం అడిగింది. పాప చాలాసేపు చూసి అంది: “కింది నంబర్లు కలపకూడదని అప్పుడు చెప్పారు మిస్. కానీ ఇది లెటర్స్ కదా.” అంటే జూలైలో నేర్చుకున్న నియమం అంకెలకు చెందినదని, అక్షరాలది వేరే రాజ్యమని పాప అనుకుంది. పదకొండు, పన్నెండేళ్ల పిల్లల ఆలోచనలో ఇది ఎంతో సహజమైన తర్కం. ఆ ఒక్క వాక్యం విన్నాక ఆ అమ్మాయి ఆ సాయంత్రం నాతో, “మేడమ్, జూలైలో నేను నేర్పింది భిన్నాలు కాదు, ఆ లెక్క మాత్రమే” అంది. ఏ బీఎడ్ పుస్తకంలోనూ ఆమెకు ఈ వాక్యం దొరికేది కాదు. జూలైలో తన చేత్తో చేసిన పని జనవరిలో తన కళ్ల ముందుకే తిరిగి వచ్చింది కాబట్టి దొరికింది. నాకు ఇది తెలియడానికి ఉద్యోగంలో చేరి ఏడాది గడిచింది. ఈలోగా నా చేతి కింద నూట ఇరవైమంది పిల్లలున్నారు. ఆమెకు శిక్షణలోనే, నా పక్కన కూర్చుని తెలిసింది.

ఇంకొక సంగతి కూడా ఉంది. లెక్కల కన్నా ఇదే ముఖ్యమని కొన్నిసార్లు అనిపిస్తుంది. ఈ మూడు తరగతుల్లో పిల్లలు మనిషి మనిషే మారిపోతారు. జూన్‌లో ప్రతి ప్రశ్నకూ చెయ్యెత్తే పిల్లవాడు అక్టోబరు నాటికి గొంతు మారి, మాట్లాడితే పక్కవాళ్లు నవ్వుతారని చెయ్యి దించేస్తాడు. ఆడపిల్లలు నెలలో రెండు మూడు రోజులు బడికి రావడం మానేస్తారు, వచ్చినా వెనక బెంచీకి జరుగుతారు. ఆగస్టు చివర్లో వచ్చిన ఛాత్రోపాధ్యాయునికి ఆ పిల్లవాడు ‘మందకొడి విద్యార్థి’గా కనబడతాడు, పరిశీలన రికార్డులో అలాగే రాస్తారు కూడా, నేను చాలాసార్లు చదివాను. జూన్‌లో అతని చెయ్యి చూసినవారు ఆ మాట రాయలేరు. ఆ అమ్మాయి రాయలేదు. అతన్ని బోర్డు దగ్గరకు పిలవడం మానేసి, జవాబు పలక మీద రాసి ఎత్తి చూపమని తరగతి అంతటికీ చెప్పింది. మాట్లాడవలసిన అవసరం లేకపోయేసరికి ఆ పిల్లవాడి చెయ్యి మళ్లీ లేచింది.

అమెరికాలో మధ్యస్థ తరగతుల ఉపాధ్యాయులను ప్రత్యేక వర్గంగా గుర్తించే రాష్ట్రాలు ఉన్నాయి. జార్జియాలో నాలుగు నుంచి ఎనిమిది తరగతులకు, నార్త్ కరోలినాలో ఆరు నుంచి తొమ్మిది తరగతులకు వేరే అర్హతపత్రం ఉంది. లూసియానా రాష్ట్రం 2014లో కొన్ని చోట్ల ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 2016లో నిబంధన చేసి, 2018 నుంచి ఉపాధ్యాయ శిక్షణలో ఏడాది పొడవునా మార్గదర్శక ఉపాధ్యాయుని తరగతిలో గడపడాన్ని తప్పనిసరి చేసింది. మన దగ్గర ఆరు నుంచి ఎనిమిది తరగతుల పరిస్థితి వేరు. చిన్న తరగతుల ఉపాధ్యాయ శిక్షణ అయిన డీఎల్‌ఎడ్ చదివినవారూ చెప్పవచ్చు, బీఎడ్ చదివినవారూ చెప్పవచ్చు. ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్‌లో రెండో పేపరు వారి కోసమే. కానీ డీఎల్‌ఎడ్ వారి మనసు చిన్న తరగతుల మీద, బీఎడ్ వారి మనసు తొమ్మిది, పది తరగతుల మీద ఉంటుంది. ఇద్దరికీ చెందిన ఈ పొలాన్ని ఎవరూ శ్రద్ధగా దున్నరు. 2020 జాతీయ విద్యావిధానం ఈ మూడేళ్లకు మధ్యస్థ దశ అని పేరు పెట్టడం, 2023 నుంచి మొదలైన నాలుగేళ్ల సమీకృత కోర్సులో ఆ దశకు ప్రత్యేక విభాగం ఉండడం నాకు సంతోషం కలిగించాయి. అయితే 2025లో ఉపాధ్యాయ విద్యా మండలి విడుదల చేసిన ముసాయిదాలో, పీజీ గానీ నాలుగేళ్ల డిగ్రీ గానీ చేసినవారికి మళ్లీ ఒక్క ఏడాది బీఎడ్ తేవాలన్న ప్రతిపాదన చూసి కలవరపడ్డాను. ఆ ఒక్క ఏడాదిలో సిద్ధాంతమూ అభ్యాసమూ రెండూ ఇమడాలంటే కోత పడేది బడిలో గడిపే కాలం మీదే.

ఈ నగరానికి ఉపాధ్యాయ శిక్షణలో పెద్ద చరిత్ర ఉంది. 1789లో ఎగ్మూరులోని సైనిక అనాథ బాలుర ఆశ్రమానికి అధికారిగా వచ్చిన ఆండ్రూ బెల్, ఇక్కడి వీధిబడి పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూసి, పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకు చదువు చెప్పించే పద్ధతి రూపొందించాడు. 1797లో లండన్‌లో దాన్ని ప్రచురించాక అది మద్రాసు పద్ధతి పేరుతో ఇంగ్లండు అంతటా పాకింది. తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి చదువు చెప్పగలిగారు, నిజమే. కానీ అక్కడ చెప్పేవాడికీ తాను చెప్పేది పూర్తిగా రాదు, పక్కన నిలబడి సరిదిద్దేవారు లేరు. ఆ లోపం కనబడ్డాకే ఉపాధ్యాయుల కోసం నార్మల్ స్కూళ్లు వచ్చాయి. మన మద్రాసులో 1856లో నార్మల్ స్కూలుగా మొదలైనదే తరువాతి సైదాపేట శిక్షణ కళాశాల. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఎల్‌టీ అనే ఉపాధ్యాయ శిక్షణ పొందింది అక్కడే. మైసూరులో ఎన్‌సీఈఆర్‌టీ వారి ప్రాంతీయ విద్యా సంస్థ ఆవరణలో 1960ల నుంచి ప్రదర్శన పాఠశాల ఉంది. శిక్షణ పొందేవారి పక్కనే నిజమైన బడి, నిజమైన పిల్లలు ఉండాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. దాన్ని ఏడాది పొడవునా సాగించడమే మిగిలిపోయింది.

వైద్యంలో ఈ ప్రశ్నే రాదు. నాలుగున్నర సంవత్సరాల ఎంబీబీఎస్ తరువాత ఒక సంవత్సరం హౌస్ సర్జన్‌గా పని చేయనిదే ఎవరికీ శాశ్వత రిజిస్ట్రేషన్ ఇవ్వరు. చార్టర్డ్ అకౌంటెన్సీ చదివేవారికి ఆర్టికల్‌షిప్ అనే పనిలో శిక్షణ ఒకప్పుడు మూడేళ్లు, 2023 నుంచి రెండేళ్లు. మా పక్క పేట పెరంబూరులో రైలుపెట్టెల కర్మాగారంలో ఫిట్టరు పని, వెల్డింగు పని నేర్చుకునే పిల్లలు 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద స్టైపెండు తీసుకుంటూ నేర్చుకుంటారు. ఇనుప రేకును అతికే పనికి ఇంత జాగ్రత్త అవసరమని ఒప్పుకున్న దేశం, పన్నెండేళ్ల పిల్లల బుద్ధికి పదహారు వారాల జాగ్రత్త చాలని అనుకోవడం నాకు మింగుడు పడదు.

నా మాటకు వచ్చే అభ్యంతరాల్లో చాలా బలమైనది మా బంధువుల్లోనే ఒకరు గుర్తు చేశారు. ఆయన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో డీఎస్సీ ద్వారా ఎంపికై, రెండేళ్లు అప్రెంటిస్ టీచరుగా గౌరవ వేతనం మీద పని చేశారు. “అమ్మాయ్, మాకు ఏడాది కాదు, రెండేళ్లు అప్రెంటిస్‌షిప్ ఉండేది. ఏం నేర్చుకున్నామని నీ ఉద్దేశం?” అన్నారు. ఆయన చేరిన మొదటి రోజునే ఏకోపాధ్యాయ పాఠశాల తాళాలు చేతికిచ్చారు. రెండేళ్లూ ఆయన పక్కన ఇంకో ఉపాధ్యాయుడు లేడు. పేరు శిక్షణది, పని పూర్తి ఉపాధ్యాయునిది, జీతం మాత్రం సగానికి తక్కువ. ఆయన ఆవేదన న్యాయమైనది. ప్రైవేటు బడుల్లో కూడా ఇదే ప్రమాదం ఉంది. ఛాత్రోపాధ్యాయులు రాగానే సెలవు పెట్టిన టీచర్ల సబ్‌స్టిట్యూషన్ పీరియడ్లన్నీ వాళ్ల మీద పడేయడం, క్రీడోత్సవానికి తోరణాలు కట్టించడం, మార్కులు కంప్యూటర్‌లో ఎక్కించే పని అప్పగించడం నేను చూశాను. ఏడాది ఇంటర్న్‌షిప్ పేరుతో బడులకు ఏడాది ఉచిత కూలీలను సరఫరా చేసేటట్లయితే దాన్ని నేనే వ్యతిరేకిస్తాను. పర్యవేక్షణ లేని ఏడాది కన్నా పర్యవేక్షణ ఉన్న పదహారు వారాలు నయమని కూడా ఒప్పుకుంటాను.

కాబట్టి అసలు ప్రశ్న పర్యవేక్షణ గురించి. వెనక బెంచీలో కూర్చుని పరిశీలన పత్రంలో టిక్కులు పెట్టడం పర్యవేక్షణ కాదు. పాఠానికి ముందు రోజు ఇద్దరూ కూర్చుని, రేపు పిల్లలు ఎక్కడ తడబడతారో ఊహించాలి. పాఠం అయ్యాక ఊహ ఎక్కడ తప్పిందో నోటుపుస్తకాలు తెరిచి చూడాలి. అంతకన్నా ముఖ్యంగా, గైడ్ టీచరు తన పాఠాన్ని కూడా ఆ చిన్నవారి ముందు విప్పి పెట్టాలి. ఆ అమ్మాయి సెప్టెంబరులో ఒకరోజు నన్ను అడిగింది: “మేడమ్, మీరు ఇవాళ ఆరుగురినే ప్రశ్నలు అడిగారు, ఆరుగురూ ముందు రెండు బెంచీల వాళ్లే. కావాలనే అలా చేశారా?” కావాలని చేయలేదు. ఇన్నేళ్లలో అలవాటైపోయింది. ఆమె ఏడాది ఉండడం వల్ల అలా అడిగే చనువు ఏర్పడింది. నాలుగు నెలల్లో వెళ్లిపోయేవారు గైడ్ టీచరును అలా అడగరు, రికార్డు మీద సంతకం కావాలి కదా. పెద్దవారు కూడా నేర్చుకునే వీలు ఉండాలంటే ఇద్దరి మధ్య అంత కాలం గడవాలి.

దీనికి గైడ్ టీచరుకు సమయం కావాలి. విద్యాహక్కు చట్టంలోనే ఉపాధ్యాయునికి వారానికి 45 గంటలు, అందులో పాఠం సిద్ధం చేసుకునే సమయం కూడా కలిపి, అని ఉంది. ప్రైవేటు బడుల్లో ముప్ఫై నుంచి ముప్ఫై ఆరు పీరియడ్లు చెప్పి, దిద్దుబాట్లు ఇంటికి మోసుకుపోయే ఉపాధ్యాయుని మీద, ఇంకొకరిని తీర్చిదిద్దే బాధ్యత ఊరికే పెట్టడం అన్యాయం. వారానికి కనీసం నాలుగు పీరియడ్లు తగ్గించాలి, గైడ్ టీచర్లకు ముందుగా శిక్షణ ఇవ్వాలి, అందరికీ కాకుండా ఆసక్తి ఉన్నవారికే ఈ పని అప్పగించాలి.

మా పిల్లల మీద ప్రయోగాలు చేస్తారా అని తల్లిదండ్రులు అడగవచ్చు. ఒక పేరెంట్స్ మీటింగులో ఒక తండ్రి అలాగే అడిగారు. కొత్త టీచరు ఒంటరిగా తరగతిలోకి వచ్చే మొదటి సంవత్సరమే అసలు ప్రయోగమని, దాన్ని ఇంకొకరి సమక్షంలో చేయించడానికే ఈ ఏర్పాటని ఆయనకు చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు.

చివరకు మిగిలేది డబ్బు. ఈ విషయంలో మాత్రం నా దగ్గర సులభమైన జవాబు లేదు. ఆ అమ్మాయి వాళ్ల నాన్నగారు సీజన్ టికెట్ డబ్బులు ఇచ్చారని రాశాను. ఆయన మూడెకరాల కౌలు రైతు. కూతురు ఏడాదంతా రూపాయి సంపాదన లేకుండా రోజూ పోయిరావడానికి ఆయన ఒప్పుకోవడం ఒక త్యాగం. అందరు తండ్రులూ చేయగలిగింది కాదు, చేయవలసిందీ కాదు. స్టైపెండు లేకుండా ఏడాది ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేస్తే పేద ఇళ్ల పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఈ వృత్తికి దూరమవుతారు; ఇలాంటి ఇళ్ల నుంచి వచ్చినవారే మా బడి పిల్లల భాషను, ఇబ్బందిని వెంటనే పసిగట్టగలవారు. అందువల్ల నేను అడుగుతున్నది రెండూ కలిపే: ఏడాది, దానితో పాటు స్టైపెండు. ఎంబీబీఎస్ ఇంటర్న్‌కు ఇస్తున్నప్పుడు, అప్రెంటిస్ వెల్డరుకు ఇస్తున్నప్పుడు, ఉపాధ్యాయురాలికి ఇవ్వడానికి చట్టంలో అడ్డంకి ఉందని నేననుకోను. కళాశాల రుసుము కట్టించుకొని, బడిలో పని చేయించుకొని, చివరకు రికార్డు అట్టల ఖర్చు కూడా వాళ్ల మీదే వేసే ఏర్పాటును ఇంకా ఎన్నాళ్లు సాగిస్తాం?

ఆ అమ్మాయి ఇప్పుడు పొన్నేరిలో ఒక బడిలో ఆరు, ఏడు తరగతులకు చెబుతోంది. ఉద్యోగంలో చేరిన మొదటి జూన్‌లో నాకు ఫోన్ చేసి, రెండు వారాలు పాఠం మొదలుపెట్టకుండా పిల్లల పేర్లు, పాత నోటుపుస్తకాలు చూస్తానంటే అక్కడి ప్రిన్సిపల్ ఒప్పుకోలేదని, అందుకే మధ్యాహ్న భోజన సమయంలో ఆ పని చేసుకుంటున్నానని చెప్పింది. ఈ సంవత్సరం మా హెడ్‌మిస్ట్రెస్ గారికి నేనొక ఉత్తరం రాశాను. ఇద్దరు ఛాత్రోపాధ్యాయులను జూన్ మొదటి రోజు నుంచే అనుమతించాలని, వాళ్ల ప్రయాణ ఖర్చు బడి భరించాలని, నాకు వారానికి నాలుగు పీరియడ్లు తగ్గించాలని అడిగాను. ప్రయాణ ఖర్చుకు ఒప్పుకున్నారు. నాలుగు పీరియడ్లకు బదులు రెండు తగ్గించారు. కళాశాల వారి జవాబు ఇంకా రాలేదు. బడి తెరవడానికి పదకొండు రోజులుంది. ఆరో తరగతి ఎ సెక్షన్ హాజరుపట్టీ నకలు రెండు ప్రతులు తీయించి, బల్ల సొరుగులో పెట్టాను.